ఒక్క సూత్ ఎక్కువ

నిన్న పొద్దున మా మేనల్లుడు, అంటే మా అన్న చిన్న కొడుకు, ఒక అట్టపెట్టెను పసిగుడ్డును పట్టుకొచ్చినంత జాగ్రత్తగా తెచ్చి మా వంటింటి గట్టు మీద పెట్టాడు. నలభైకి దగ్గర పడుతున్నా మోటారుసైకిలు పిచ్చి వదలని మనిషి వాడు. ఉన్న బండి ఊపు చాలదట, ఇంజను విప్పి లోపలి క్రాంకు తీసేసి దానికంటే పొడుగు స్ట్రోకు క్రాంకు వేయాలట. ఏది కొనాలో తేల్చుకోలేక ఇన్నాళ్లూ ఫోనులో బొమ్మలు చూసి, ఎక్కడెక్కడి వాళ్ల అభిప్రాయాలో చదివి, వాళ్లావిడ ప్రాణమూ నా ప్రాణమూ తోడేశాడు. చివరికి ఇదిగో, వచ్చింది. నేను కళ్లజోడు పెట్టుకొని ముందుగా పెట్టె మీది అచ్చు చదివాను. స్ట్రోకు ఇంత పెరుగుతుంది అని ఒక అంకె, పిన్ను ఇంత జరిగింది అని దాని కిందే ఇంకో అంకె, మొదటిదానిలో సరిగ్గా సగం. పెరట్లో బట్టలున్నాయన్న నెపంతో లేచిపోయి దండెం పట్టుకొని నిలబడ్డాను. వాడు వెనకే వచ్చి "ఏందత్తా, ఉల్లిగడ్డలు గిట్ల కోసినవా?" అని నవ్వాడు.

వాడికి చెప్పలేదు. మీకు చెబుతాను, ఎందుకంటే మీలో నా ఈడు వాళ్లు ఉంటారు, ఛత్రినాక సందుల్లో ఇళ్ల ముందు రేకుల షెడ్లు, అందులో గన్నీ సంచి మీద విప్పి పరిచిన ఇంజన్లు, కిరసనాయిలు వాసన, రంపపు పొట్టుతో చేతులు రుద్దుకునే మగవాళ్లు మీకు గుర్తుండే ఉంటారు. డెబ్బయిల్లో మాట. మా నాన్న సర్కారు వర్క్‌షాపులో ఫిట్టరు, అన్న అదే వర్క్‌షాపులో టర్నరు, అంటే లేతు మిషను మీద ఇనుమును తిప్పి చెక్కే పని. పగలు సర్కారు ఇనుము, సాయంత్రం మా షెడ్డులో సొంత ఇనుము. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఆ రోజు మా మేనత్త నన్ను ఒళ్లో కూచోబెట్టుకొని, వచ్చిన వాళ్లందరి ముందు ఇది నా కోడలు అన్నది. ఆ ఒక్క మాట మీద నేను ఎదిగాను. బడికి పోయినా, కుట్టుమిషను నేర్చుకున్నా, ఆషాఢంలో బోనమెత్తినా, మేనత్త కొడుకు పెళ్లాన్ని కాబోతున్నాననే ధ్యాస లోపల ఎక్కడో ఉండేది, దానికి వేరే పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు.

బావ ఉస్మాన్‌గంజ్‌లో మోటారు సామాన్ల దుకాణంలో గుమస్తా. పొద్దంతా కౌంటరు ముందు నిలబడి వచ్చిన వాళ్లను రండి భాయ్, కూచోండి భాయ్, తకలీఫ్ ఏముంది, శ్రమేముంది భాయ్ అని మర్యాద చేయడమే ఆయన ఉద్యోగం. సాయంత్రం మా సందు మలుపు తిరగగానే ఆ మర్యాదంతా ఎటు పోయేదో, వీధంతా వినిపించేలా మా అన్నను "బావా, ఉన్నవా?" అని ఒక కేక వేసేవాడు, చేతిలో మిర్చీల పొట్లం, చంకలో సామాన్ల కాటలాగు. అన్న లోపలినుంచి "లేను పో బామ్మర్ది!" అనేవాడు. ప్రతి రోజూ ఇదే కేక, ఇదే జవాబు. ఆ కేక వినబడితేనే నేను పొయ్యి మీద చాయ నీళ్లు పెట్టేదాన్ని. ఇంట్లోకి వచ్చినవాడు నన్ను చూసి ఊరుకుంటాడా! అన్నా నేనూ ఒక్క అచ్చు, అదే ముక్కు, అవే కనుబొమలు. నిన్ను జూస్తే బావకు చీర గట్టినట్టే ఉంటదే అని ఏడిపించేవాడు. నేను చాయలో పంచదార తక్కువ వేసి పగ తీర్చుకునేదాన్ని. ఆ వెక్కిరింపు మాట గుర్తుపెట్టుకోండి, నేను దాన్ని ఇంకా మరిచిపోలేదు.

వాళ్లిద్దరి మధ్యా ఒక పాత బండి ఉండేది. ఎప్పుడో మిలిటరీ వాళ్లు వేలం వేసింది, ఒకే సిలిండరు, దాని చప్పుడుకు మా గోడ మీది పళ్లేలు కిందపడేవి. ఊరవతల వాడకం మానేసిన ఒక రన్‌వే మీద ఏడాదికోసారి కుర్రాళ్లు పందెం పెట్టుకునేవాళ్లు. బండి కట్టేది అన్న, నడిపేది బావ. కిందటేడు మలుపుల్లో అందరికంటే ముందున్న బావ, నేరుగా ఉన్న దారిలో వెనకబడిపోయాడు. ఆ ఓటమి ఇద్దరి నెత్తికీ ఎక్కింది. ఈ ఒక్కసారి పందెం నడిపి, గెలిచినా ఓడినా మానేస్తాడు, మాఘంలో పెళ్లి చేసేద్దాం అని మేనత్త గట్టిగా చెప్పేసింది. అందుకని ఆ పందెం వాళ్లకు ఎంత కావాలో నాకూ అంతే కావాలి, అది అయిపోవడం కోసం.

ఇంజను గురించి మీకు తెలియకపోతే ఒక్క మాటలో చెబుతాను, నేను కూడా బియ్యం ఏరుతూ గడపలో కూచొని విన్నదే. క్రాంకు అంటే రెండు బరువైన ఇనుప చక్రాలు, వాటి నడుమ ఒక పిన్ను. ఆ పిన్నుకు తగిలించిన రాడ్డు పైన పిస్టన్‌ను పైకీ కిందికీ ఆడిస్తుంది. పిన్ను చక్రం నడిమికి ఎంత దూరంగా ఉంటే పిస్టన్ అంత పొడుగున ఆడుతుంది, దానినే స్ట్రోకు అంటారు. స్ట్రోకు పెరిగితే ఇంజను ఎక్కువ పెట్రోలు తాగుతుంది, ఎక్కువ బలం చూపిస్తుంది. వాళ్లకు కావలసింది ఆ బలం. తేలనిదల్లా, ఆ క్రాంకు ఎక్కడిది వేయాలన్నదే.

బావ దుకాణానికి బొంబాయి మీదుగా ఒక విలాయతీ క్రాంకు వచ్చింది, కొయ్య పెట్టెలో, మైనపు కాగితంలో చుట్టి. ఒక ఆదివారం అన్నను తీసుకుపోయి చూపించాడు. అన్న దాన్ని రెండు చేతులా లేపి బరువు చూశాడట, గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకున్నాడట, చాలాసేపు తరువాత బాగుంది అన్నాడట. బావ ఇంటికి వచ్చి నాతో చెప్పినప్పుడు ముఖం వెలిగిపోతోంది. కాని మరునాటికి అన్న మాట మారింది. విలాయతీది వద్దు, పాత చక్రాలకే పిన్ను రంధ్రం బయటికి జరిపి బోరు చేయిద్దాం, మిగతా పనంతా నేనే చేస్తాను అన్నాడు. బావ ఎంత బతిమాలాడో! అది కొలిమిలో సాగగొట్టిన ఇనుము, లెక్క ప్రకారం చేసింది, పరీక్షించి పంపింది, మన చక్రాలు ముసలివి అని చెప్పి చూశాడు. అన్న నవ్వి, "మా చెల్లె సారెల పెట్టేది నాకు మా చెల్లె అన్న చేసింది గావాలె, దుకాణంల దొరికేది గాదు" అన్నాడు.

అదీ సంగతి. పెళ్లిలో ఆడపిల్ల వెంట పంపే సారెలో చీరలు, లడ్డూలు, పసుపు కుంకుమ పెడతారు. అమ్మ లేని చెల్లెలికి తను ఏమి పెట్టగలడని అన్న ఆలోచించుకున్నాడు కాబోలు, బామ్మర్దికి తన చేతి క్రాంకు పెడదామనుకున్నాడు. వినడానికి నవ్వొస్తుంది, లేదూ? సారెలో క్రాంకు! మేము ముగ్గురమూ ఆ సాయంత్రం పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నాం. బావ కూడా ఒప్పుకున్నాడు. సారె అన్నాక ఎవరు కాదంటారు?

రంధ్రం బోరు చేయడానికి పెద్ద లేతు కావాలి, అది ధూల్‌పేట్ దాటాక ఒక సందులో ఖరాదీ చాచా దగ్గర ఉంది. ఖరాదీ అంటే మన ఊళ్లో లేతు పనివాడు, మీకు తెలుసు. చవితి ముందు రోజులు, సందు పొడుగునా వినాయకులు, కొందరికి తలలున్నాయి, కొందరికి తొండాలు ఇంకా అతికించలేదు. ఆ విగ్రహాల మధ్యనుంచి ఇద్దరూ చక్రాల సంచి చెరో కొస పట్టుకొని పోయారట. చాచా ఎంత కావాలి అన్నాడు. ఏక్ సూత్ అన్నాడు బావ. ఏక్ సూత్ అని అన్న కూడా తలూపాడు. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. ఆ రోజుల్లో తాపీ మేస్త్రీ నుంచి వడ్రంగి దాకా, తాళాలవాడి నుంచి ఖరాదీ దాకా అందరూ సూత్‌లలోనే మాట్లాడేవాళ్లు, మిల్లీమీటరు అంటే మొఖం చూసేవాళ్లు. ఇద్దరూ ఒకే మాట అన్నారు, ఒకరి పక్కన ఒకరు నిలబడి అన్నారు. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, తరువాత చాలామంది చాలా కథలు అల్లారు.

చక్రాలు వచ్చాయి. అన్న వాటిని జతచేసి, లేతు కొనల మధ్య పెట్టి, వంకర చూపించే డయల్ గేజీ ముల్లు కదలకుండా వచ్చేదాకా రాగి సుత్తితో తట్టి తట్టి సరిచేశాడు. అంత ప్రేమగా ఆయన నా జడ కూడా ఎప్పుడూ వేయలేదు. సిలిండరును కొంచెం ఎత్తడానికి దాని కింద పెట్టే అల్యూమినియం ప్లేటు కూడా తనే కోశాడు. పిస్టన్ బావ వంతు. దుకాణం అరలన్నీ వెతికి, స్ట్రోకుకు తగిన పొడుగు చూసి, ఒకటి ఏరి తెచ్చాడు. దసరా వెళ్లిన ఆదివారం మధ్యాహ్నం ఇంజను మూసి, అన్న చేత్తో చక్రం మెల్లగా తిప్పాడు. పిస్టన్ పైకి పోయింది, బాగానే ఉంది. కిందికి వచ్చింది. టిక్ మంది. పిస్టన్ అంచు పోయి కింది చక్రానికి తగులుతోంది.

ఇద్దరూ ఒకరి మొఖాలొకరు చూసుకున్నారు. మళ్లీ తిప్పాడు, మళ్లీ టిక్. బావ స్కేలు పెట్టి కొలిచాడు, స్ట్రోకు ఒక సూత్ కాదు, రెండు సూత్‌లు పెరిగి ఉంది. "స్ట్రోకు ఒక సూత్ అన్నం గద బావా" అన్నాడు బావ. "పిన్ను ఒక సూత్ అన్నం" అన్నాడు అన్న. నేను చాయ గ్లాసులు పట్టుకొని అక్కడే నిలబడి ఉన్నాను. ఇద్దరి గొంతులోనూ అబద్ధం లేదు.

నాకు ఆ లెక్క అప్పటికప్పుడు తెలియలేదు. పెరట్లోకి పోయి, సగంలో వదిలేసిన పెసలు విసరడానికి కూచున్నాను. మా విసుర్రాయికి పిడి పెట్టే గుంటలు రెండు, పాతది నడిమికి కొంచెం దగ్గర, కొత్తది కొంచెం దూరం. పిడి కొత్త గుంటలో పెడితే చెయ్యి ఎంత చాపాలో, పాతదానిలో పెడితే ఎంత చాపాలో నా భుజానికి తెలుసు. గుంట ఒక అంగుళం బయటికి జరిగితే చెయ్యి అవతల ఒక అంగుళం, ఇవతల ఒక అంగుళం ఎక్కువ పోతుంది. పిడికి ఒకటైతే చేతికి రెండు. అంతే గదా! లేతు మీద పనిచేసే అన్న ఉలి ఆనే చోట కొలుస్తాడు, అంటే పిన్ను దగ్గర. కాటలాగు చూసి సామాను అమ్మే బావ అందులో రాసినట్టు కొలుస్తాడు, అంటే స్ట్రోకు. ఒకే సూత్, ఇద్దరివీ వేరువేరు చోట్లు. నేను ఒక్క ఉరుకున షెడ్డులోకి వచ్చి ఇద్దరి చేతులూ పట్టుకొని పెరట్లోకి లాక్కొచ్చి చూపించాను. బావ చూసి చిన్నగా నవ్వాడు కూడా. అన్న మాత్రం "గది నాకు ఎర్కలేదా?" అని చెయ్యి విదిలించుకొని పోయాడు. ఎరుకే మరి. ఇద్దరికీ ఎరుకే. నేను చూపించేసరికి గొడవ సూత్ దాటి ఎటో పోయింది.

మరునాడు ధూల్‌పేట్ కూడా పోయారు. చాచా చక్రం మీద చెయ్యి పెట్టి, "తుమ్ ఏక్ సూత్ బోలే, మైఁ ఏక్ సూత్ దియా, అబ్ ఝగ్డా కాయ్‌కూ?" అన్నాడట. మీరు ఒక సూత్ అన్నారు, నేను ఒక సూత్ ఇచ్చాను, ఇప్పుడు కొట్లాట ఎందుకు అని. నిజమే, ఎందుకు? నేను ఇప్పటికీ ఆ ముసలాయన్ని తప్పు పట్టలేను.

బావ ఒక దారి చెప్పాడు. దీన్ని పక్కన పెడదాం, విలాయతీది ఇంకా దుకాణంలోనే ఉంది, తెచ్చి వేసుకుందాం, అది బిగించేలోగా ఈ పందెం పోతే పోనీ, మానేస్తానన్న మాట వచ్చే ఏడు నిలబెట్టుకుంటాను అన్నాడు. మాఘం పెళ్లి మాఘమే, దానికీ దీనికీ ముడి లేదని నా వైపు చూసి అన్నాడు. ఎంత తేలికైన దారి! అన్న తల దించుకొని గుడ్డతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. చివరికి "సారె వాపస్ జేస్తవా?" అన్నాడు. బావకు కూడా కోపం వచ్చింది. "గిది సారె గాదు బావా, క్రాంకు. నడిపేటోన్ని నేను." దానికి అన్న అనకూడని మాట అన్నాడు. "భయమైతే జెప్పు, నేనే నడుపుత."

బావ పిస్టన్ తీసి అన్న చేతిలో పెట్టాడు, అన్న దాని అంచు కోసి ఆకురాయితో రుద్దాడు, బావ అవతల పట్టుకొని కూచున్నాడు. టిక్కు పోయింది. ఇంజను మూసి స్టార్టు చేస్తే, తల్లీ, ఏం చప్పుడు! సందులో పిల్లలంతా పోగయ్యారు. నేను హారతి ఇచ్చి, నిమ్మకాయ చక్రం కింద పెట్టి, అమ్మవారికి మనసులో మొక్కుకున్నాను. ఇద్దరూ నవ్వారు కానీ ఒకరి వైపు ఒకరు చూసి నవ్వలేదు. మిర్చీలు చల్లారిపోయాయి.

పందెం నేను చూడలేదు, ఆడపిల్లలు పోయే చోటు కాదు. ఆ మధ్యాహ్నం ఎవరో ఆటోలో వచ్చి నాన్నను పిలుచుకుపోయారు. తరువాత తెలిసింది, నేరుగా ఉన్న దారిలో బావ అందరికంటే చాలా ముందున్నాడట, కిందటేడు వెనకబడిన చోటే. అక్కడే ఇంజను ఒక్కసారి బిగుసుకుపోయింది. వెనక చక్రం తిరగడం ఆగి బండి ఎగిరిపడింది. విప్పి చూస్తే పిన్ను విరిగి ఉంది, కోసిన పిస్టన్ అంచు ముక్కలై ఉంది. ఏది ముందు విరిగిందో, ఏది దాని వెనక విరిగిందో చెప్పగలవాళ్లు ఎవరూ లేరు. బావ బతికాడు. కుడి మోకాలు మాత్రం మళ్లీ ఎప్పుడూ వంగలేదు.

అన్న ఆ రాత్రి ఏమీ తినలేదు, తెల్లారి లేచి, స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకొని దవాఖానకు బయలుదేరాడు. నేను చద్దన్నంలో పెరుగు కలిపి డబ్బాలో పెట్టి వెంట పోయాను. వార్డు పొడుగునా మంచాలు, చివరి కిటికీ దగ్గర బావ, కాలు పైకి కట్టి ఉంది. పక్కన స్టూలు మీద మేనత్త. అన్న మంచం దగ్గరికి పోయి నిలబడ్డాడు. బావ ముఖం ఇటు తిప్పి, దుకాణంలో కొత్తగా వచ్చిన మనిషితో మాట్లాడినంత మర్యాదగా, "ఎందుకు తకలీఫ్ తీసుకున్నరు భాయ్?" అన్నాడు.

తిట్టినా బాగుండేది. చెయ్యి చేసుకున్నా మా అన్న నిలబడేవాడు, పడేవాడు, ఏడ్చేవాడు, అయిపోయేది. భాయ్ అన్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ బావా అన్న నోటితో భాయ్ అన్నాడు. అన్న వెనక్కి తిరిగి వార్డు పొడుగునా నడిచిపోయాడు. నేను పెరుగన్నం డబ్బా మేనత్త చేతిలో పెట్టబోతే ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకొని గోడ వైపు తిరిగింది. డబ్బా కిటికీలో పెట్టి వచ్చేశాను.

మాఘం వచ్చింది, పోయింది. నేను సిగ్గు విడిచి అన్నను అడిగాను, కాలు వంగకపోతే నాకేమి, నాకు బావే కావాలి, పోయి మాట్లాడు అన్నాను. ఏ మొఖం పెట్టుకొని పోవాలె అని అన్న మూలకు తిరిగి కూచున్నాడు. నాన్న పోయాడు. మేనత్త ఏడ్చిందట, నాకు ఇష్టమే అన్నదట, వాడే ఒప్పుకోవట్లేదన్నదట. బావ నాన్నతో చెప్పిన మాటను నాన్న తిరిగి నాకు చెప్పడానికి చాలా కష్టపడ్డాడు. ఆమెది ఏ తప్పూ లేదు మామా, కాని ఆ మొఖం పొద్దున లేస్తే చూడాలె గద, చూస్తే బావే కనవడ్తడు, నాతోని గాదు అన్నాడట.

ఎన్ని రోజులు అద్దం చూసుకోలేదో! ఈ ముక్కు, ఈ కనుబొమలు, ఇవే గదా. చీర గట్టిన బావ అని నవ్వించిన ముఖం ఇదే గదా. తప్పు చేసినవాడి మీద కోపం తెచ్చుకోవచ్చు, తప్పు ఎక్కడుందో తెలిస్తే. అన్న ఒక్క సూత్ జరిగాడు, నడుమ ఉన్న నాకు బావ రెండు సూత్‌లు దూరమయ్యాడు. ఏడ్చాను, మానాను, మళ్లీ ఏడ్చాను. రెండేళ్లకు నాన్న చూసిన సంబంధం చేసుకున్నాను. నా భర్త మంచివాడు, మాట పడనిచ్చేవాడు కాదు, ఆయన పోయి చాలా కాలమైంది, ఆయన మీద నాకు ఏ కొరతా లేదు. బావకూ పెళ్లయింది, ఇద్దరు ఆడపిల్లలని విన్నాను. అవన్నీ జరగవలసినట్టే జరిగాయి. జరగనిది ఒక్కటే, దాని కోసం ఇప్పటికీ లోపల ఏదో టిక్ టిక్ మంటుంది.

అన్న మళ్లీ బండి కట్టలేదు. షెడ్డు రేకులు అమ్మేశాడు. పెళ్లి చేసుకున్నాడు, పిల్లలు పుట్టారు, వర్క్‌షాపు, ఇల్లు, అంతే. విరిగిన క్రాంకును మాత్రం పారేయలేదు, తలుపు కొట్టుకోకుండా దానికి అడ్డం పెట్టేవాడు. ఎవరైనా బరువుందే, ఏంది ఇది అంటే ఇనుము అనేవాడు. సాయంత్రం ఒక వేళకు పని ఆపి వీధి వైపు చెవి పెట్టి కూచునేవాడు. ఎందుకో మా వదినకు తెలియదు, నాకు తెలుసు. ఉస్మాన్‌గంజ్ మా ఇంటికి ఎంత దూరమని! పోవచ్చు గదా ఒకరు, రావచ్చు గదా ఒకరు. ఇద్దరికిద్దరూ మొండిఘటాలు, నేను వాళ్లను ఎంత తిట్టుకున్నానో లెక్క లేదు.

ఎనభైలు ముగియకముందే అన్న వర్క్‌షాపులో మిషను ముందే గుండె ఆగి కూలిపోయాడు. ఈ క్రాంకు తెచ్చిన మేనల్లుడు అప్పటికింకా చంకలో పిల్లవాడు. వాకిట్లో పడుకోబెట్టాం. నేను తల దగ్గర కూచున్నాను. వర్క్‌షాపు వాళ్లు, సందులో వాళ్లు, ఒక్కొక్కరే వస్తున్నారు, పోతున్నారు. అప్పుడు సందు మలుపు దగ్గర కర్ర చప్పుడు వినబడింది, రాతి మీద టక్కు, టక్కు. ఆ వెంటనే, ఒకప్పుడు రోజూ వినబడినంత గట్టిగా, ఒక్క కేక.

"బావా, ఉన్నవా?"

అలవాటుగా వచ్చిందో, కావాలనే అన్నాడో నేను ఎప్పటికీ అడగలేదు. వంగని కాలు ఈడ్చుకుంటూ లోపలికి వచ్చి, జవాబు కోసం చూస్తున్నట్టే అన్న ముఖంలోకి చూశాడు. లేను పో బామ్మర్ది అనడానికి అక్కడ ఎవరూ లేరు. కర్ర కింద పడేసి, కూచోలేక, గోడ పట్టుకొని నిలబడే వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపు ఆగాక తల తిప్పి నా ముఖం వైపు చూశాడు, చాలాసేపు చూశాడు, చూడలేనన్న ముఖాన్నే, వెతుక్కుంటున్నట్టు. నేను తల దించుకోలేదు. చూసుకోనీ అనుకున్నాను, ఇక ఎక్కడ దొరుకుతుంది ఆయనకు? పాడె లేచినప్పుడు ఆయన భుజం పట్టలేకపోయాడు, వెనకే కర్రతో సందు చివరిదాకా వచ్చి ఆగిపోయాడు. తరువాత కొన్నాళ్లకు ఆ దుకాణం ఎత్తేశారు. ఆయన ఎటు పోయాడో నాకు తెలియదు.

మన రోజుల్లో కొలత నోటి మాటలో ఉండేది. చెప్పాలి, వినాలి, పొరపాటుగా వినాలి, కొట్లాడాలి, అవతలి మనిషి ముఖం చూసి ఒప్పుకోవాలి. ఇప్పుడు రెండు అంకెలూ పెట్టె మీదే అచ్చువేసి పంపుతున్నారు, ఎంత మంచి పద్ధతి, ఆనాడే ఉంటే ఎంత బాగుండేది! నిన్న సాయంత్రం మా మేనల్లుడు ఆ క్రాంకును ఒక్కడే బిగించుకున్నాడు, పక్కన ఫోను పెట్టుకొని, అందులో ఎవరో చెబుతుంటే చూసుకుంటూ. చాయ తీసుకుపోతే ఒక్క గ్లాసే అక్కరకొచ్చింది. "మస్తు గూసుంది అత్తా, ఎవ్వర్ని అడిగే పనే లేదు" అని సంబరపడ్డాడు. పడనీ, పిల్లవాడు. ఎంత పెరిగింది రా, ఎన్ని సూత్‌లు అన్నాను, నోరు జారి. వాడికి అర్థం కాలేదు.

"సూత్ అంటే ఏందత్తా, దారమా?"

"అవును బిడ్డా, దారమే" అన్నాను.